చెరువు గట్టున దొర్లి వచ్చిన కుక్కకు కంపు వదిలించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండికీ ఆకివీడుకీ మధ్య ఒక పల్లె. ఏ వైపు నడిచినా చేపల చెరువో రొయ్యల చెరువో తగులుతుంది. మా కర్రోడు నాటుకుక్క, వయసు ఏడేళ్లు. పట్టుబడి (చేపలు, రొయ్యలు పట్టడం) అయిపోయిన చెరువు గట్టు కనిపిస్తే చాలు, వెళ్ళి వెల్లకిలా పడి దొర్లి వస్తాడు. వాడికి స్నానాలు చేయించి నేర్చుకున్నవీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఫోన్ చేసి అడిగినవీ, అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఏడుస్తూ అడిగినవీ కలిపి ఇక్కడ రాశాను. కంపుకొడుతున్న కుక్కను ఎదురుగా పెట్టుకుని చదువుతున్నవాళ్ళు మొదటి రెండు ప్రశ్నలు చదివి పని మొదలుపెట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కుక్క ఇప్పుడే కంపుకొడుతూ వచ్చిందండీ. ముందు ఏం చేయాలి?

ఇంట్లోకి రానివ్వకుండా పెరట్లో చెట్టుకు కట్టేయండి. వెంటనే బోరు కింద నిలబెట్టి నీళ్ళు కొట్టకండి. అందరం చేసే తప్పు ఇదే. వెంట్రుకల కొసల మీద ఉన్న జిడ్డు నీళ్ళతో పాటు చర్మం దాకా దిగిపోతుంది. ఆ తర్వాత అరగంట రుద్దినా అంత తేలిగ్గా రాదు.

చేతులకు రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. మన కాలువల్లో, డ్రెయిన్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. చేతికి చిన్న గాయం ఉన్నా దాని ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు రావచ్చు. పాత న్యూస్‌పేపరుతోనో గోనెగుడ్డతోనో పైపైన అంటుకున్నదంతా తుడిచేయండి. రుద్దకూడదు, అద్దుతూ తియ్యాలి. అలా తీస్తూనే ఒళ్ళంతా తడిమి చూడండి. పాదాల మధ్య చేప ముల్లు, మూతి దగ్గర గాలం, పొట్ట కింద కోసుకున్న గాయం ఏమైనా ఉన్నాయేమో ముందే తెలిస్తే స్నానంలో ఏది వాడాలో ఏది వాడకూడదో తేలిపోతుంది.

ఆ తర్వాత వాసన చూడండి. ముక్కు మూసుకోవద్దు. సగం పని ముక్కే చేసి పెడుతుంది.

వాసన చూసి ఏం తెలుసుకోవాలి? కంపు ఏదైనా కంపే కదా?

కాదండీ. నేను ఇన్నేళ్ళలో తెలుసుకున్న అసలు సంగతి ఇదే. కంపును పైనుంచి సెంటుతోనో షాంపూతోనో కప్పితే పూటకే తిరిగి వస్తుంది. దాన్ని విరిచెయ్యాలి. ఏది దేనితో విరుగుతుందన్నది ఆ కంపు ఏ జాతిదో తెలిస్తేనే తేలుతుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా తగిలేవి మూడు. చేపలు, రొయ్యలు కుళ్ళిన నీచు వాసన ఒకటి. ఇవి కుళ్ళేటప్పుడు అమైన్లు అనే పదార్థాలు పుడతాయి. అవి క్షారాలు కాబట్టి పులుపుతో విరుగుతాయి. చేప కడిగేటప్పుడు ఇంట్లో నిమ్మరసమో మజ్జిగో ఎందుకు వేస్తారో ఆలోచించండి, అదే సూత్రం. రెండోది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక అడుగున బయటపడే నల్ల బురద ఇదే వాసన కొడుతుంది. మురుగు డ్రెయిన్లు కూడా అంతే. ఇది గంధకం జాతి. దీనికి పులుపు ఏమీ చేయలేదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. మూడోది చచ్చిన గొడ్డు మీదో, కోళ్ళ వ్యర్థాల కుప్ప మీదో దొర్లితే వచ్చేది. ఇందులో పై రెండూ ఉంటాయి, వాటి మీద కొవ్వు కూడా పట్టి ఉంటుంది. ముందు ఆ జిడ్డు వదిలిస్తే గానీ ఏ మందూ లోపలికి దిగదు.

చేపల కంపుకు స్నానం ఎలా చేయించాలి?

ముందు పొడి ఒంటి మీదే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు చెంచాలు, కాసిని నీళ్ళలో కలిపి పట్టించండి. ఇది రోజూ వాడేది కాదు, జిడ్డు వదిలించడానికి ఈ ఒక్కసారికే. వేళ్ళతో చర్మం దాకా తోమి, గోరువెచ్చని నీళ్ళతో కడిగెయ్యండి. వేన్నీళ్ళు మాత్రం వద్దు.

ఆ తర్వాత కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్ ఒక గ్లాసు, నీళ్ళు మూడు గ్లాసులు కలిపి మెడ నుంచి తోక దాకా పోయండి. మొహానికి తగలకూడదు. గాయాలుంటే అక్కడ కూడా వద్దు, భగ్గున మండుతుంది. ఐదు నిమిషాలు ఉంచి కడిగేసి, కుక్కల షాంపూతో మామూలు స్నానం చేయించండి. వెనిగర్ వాసన ఒళ్ళు ఆరేసరికి పోతుంది.

కర్రోడికి ఎప్పుడూ మెడ కింద, చెవుల వెనకే కంపు మిగిలిపోయేది. కారణం కనుక్కోవడానికి నాకు చాలా కాలం పట్టింది. వాడు దొర్లేటప్పుడు ముందు ఒక చెంప నేలకు ఆనించి, భుజం జార్చి, ఆ తర్వాత వీపు తిప్పుతాడు. అంటే మొదట, ఎక్కువగా అంటుకునేది చెంపకూ మెడకూ. మనమేమో స్నానంలో ఎక్కువసేపు వీపు తోముతాం. ఇప్పుడు మెడ దగ్గరే రెండుసార్లు సబ్బు పెడుతున్నాను.

వెనిగర్ లేదు. చింతపండు పులుసు పోయొచ్చా?

వద్దు, దయచేసి వద్దు. చేపకు వాడతాం కదా అని చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. కుక్క స్నానం కాగానే ఒళ్ళు నాక్కుంటుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ద్రాక్షపళ్ళు కుక్కలకు పెట్టకూడదనడానికి కూడా ఇదే ఆమ్లం కారణమని పశువైద్యులు భావిస్తున్నారు. వెనిగర్ దొరక్కపోతే చెంబుడు నీళ్ళలో ఒక నిమ్మకాయ రసం పిండి, వడగట్టి వాడండి. తొక్కతో మాత్రం రుద్దకండి. తొక్కలో ఉండే నూనె కుక్క చర్మానికి పడదు.

కాలువ బురద, డ్రెయిన్ కంపుకు పెరాక్సైడ్ మందు ఎలా కలపాలి?

కొలతలు జాగ్రత్తగా చూసుకోండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక లీటరు, వంట సోడా నాలుగు టేబుల్ స్పూన్లు, గిన్నెల లిక్విడ్ సబ్బు ఒకటి రెండు టీస్పూన్లు. అంతే.

మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికే పెరాక్సైడ్ 6 శాతంది. సీసా మీద 20 వాల్యూమ్ అని కూడా రాసి ఉంటుంది. దాన్ని అలాగే వాడకూడదు, ఎంత ఉంటే అన్ని నీళ్ళు కలపాలి. 100 మిల్లీలీటర్ల చిన్న సీసా తెచ్చుకుంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండున్నర టీస్పూన్ల వంట సోడా, పావు టీస్పూను సబ్బు. చిన్న కుక్కకో, ఒక పక్కే అంటిన పెద్ద కుక్కకో అది సరిపోతుంది. జుట్టుకు రంగు తీయడానికి వాడే ఘాటైనవి మాత్రం కొనొద్దు.

ప్లాస్టిక్ బకెట్‌లో, కుక్క ఎదురుగా ఉన్నప్పుడే కలపండి. కలిపిన క్షణం నుంచి బుడగలు వస్తాయి, అదే ఆక్సిజన్. ఆ బుడగలు ఉన్నంతసేపే మందుకు బలం. గ్లోవ్స్ చేతులతో మెడ నుంచి వెనక్కి పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి, బాగా కడిగెయ్యండి. కళ్ళలో, చెవుల్లో, నోట్లో పడకూడదు. మొహానికి మాత్రం చిన్న గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి, కళ్ళకు దూరంగా తుడవండి.

మిగిలిన మందు సీసాలో పోసి దాచుకోవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూత పెడితే లోపల ఆక్సిజన్ పేరుకుని సీసా పగిలిపోతుంది. మిగిలితే నీళ్ళు కలిపి పారబోయండి. వెనిగర్‌నూ పెరాక్సైడ్‌నూ కూడా ఒకదాంట్లో ఒకటి కలపకండి, ఒళ్ళూ ఊపిరీ మండించే ఆమ్లం తయారవుతుంది. రెండూ అవసరమైతే ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది.

నల్లకుక్కల వాళ్ళకు ఒక మాట. ఈ మందు వెంట్రుకల రంగు కొద్దిగా తగ్గిస్తుంది. కర్రోడి వీపు మీద అరచేయంత మేర ఇటుక రంగు వచ్చింది, మళ్ళీ వెంట్రుకలు రాలి కొత్తవి వచ్చేదాకా అలాగే ఉంది. వాడికేమీ బాధ లేదు.

అమెరికాలో మా అమ్మాయి కుక్క మీద స్కంక్ చిమ్మిందట. అదేమిటి?

పిల్లి అంత ఉండే నలుపు తెలుపు చారల జంతువు. మన దగ్గర ఉండదు. స్కంకులు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. భయపడితే కాళ్ళు నేలకేసి కొట్టి, తోక పైకెత్తి హెచ్చరిస్తుంది. అయినా కుక్క వెనక్కి తగ్గకపోతే తోక కింద ఉన్న రెండు గ్రంథుల నుంచి పచ్చటి నూనెలాంటి ద్రవాన్ని చిమ్ముతుంది. మూడు మీటర్ల దూరం దాకా గురి తప్పదు.

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. ఒకరోజు మా పొద్దుటి పూట, అంటే వాళ్ళకు రాత్రి, వీడియో కాల్ చేసింది. "పెద్దమ్మా, కుక్క కళ్ళు తెరవడం లేదు, ఇల్లంతా వెల్లుల్లీ రబ్బరూ కలిపి కాల్చినట్టు కంపు" అని ఒకటే ఏడుపు. ముందు మంచినీళ్ళతో కళ్ళు కడగమన్నాను. పది నిమిషాల్లో తెరిచింది. తెరవకపోయినా, వాంతులు అవుతున్నా, చిగుళ్ళు పాలిపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అరుదుగానైనా ఆ ద్రవం వల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. అక్కడ స్కంకుల్లో రేబిస్ కూడా ఉంటుంది కాబట్టి ఒంటి మీద కొరికిన గాటు ఉందేమో, టీకా గడువు దాటిందేమో తప్పక చూసుకోవాలి.

కంపుకు మందు పైన చెప్పిన పెరాక్సైడ్ మందే. అక్కడి మందుల షాపుల్లో మామూలుగా 3 శాతందే దొరుకుతుంది కాబట్టి నీళ్ళు కలపక్కర్లేదు. ఒళ్ళు తడపకుండా పొడి మీదే పట్టించాలి. నిజానికి ఈ మందు పుట్టిందే స్కంక్ కోసం. పాల్ క్రెబామ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని 1993లో బయటపెట్టారు. ఆయన ప్రయోగశాలలో హైడ్రోజన్ సల్ఫైడ్ కంపు వదిలించడానికి క్షారం కలిపిన పెరాక్సైడ్ వాడేవారు. తోటి ఉద్యోగి పిల్లి మీద స్కంక్ చిమ్మితే దాన్నే పలచగా చేసి ఇచ్చారు. ఆ హైడ్రోజన్ సల్ఫైడే మన కాలువ బురదలోని కుళ్ళుగుడ్డు కంపు. ఎక్కడి న్యూజెర్సీ, ఎక్కడి వెంకయ్య వయ్యేరు కాలువ! కంపు జాతి ఒకటే కాబట్టి మందూ ఒకటే అయింది.

టమాటా రసంతో కడిగితే పోతుందంటారు?

పోదు. స్కంక్ కంపులో ఉండేవి థయాల్ అనే గంధకపు పదార్థాలు, టమాటా పులుపు వాటిని ఏమీ చేయలేదు. కాసేపు కంపులో ఉన్న మన ముక్కు దానికి మొద్దుబారి, కొత్తగా వచ్చిన టమాటా వాసననే పట్టుకుంటుంది. అంతే తేడా. బయటి నుంచి వచ్చినవాళ్ళకు రెండూ తెలుస్తాయి.

మన దగ్గర అలా కంపు చిమ్మే జంతువులు లేవా?

స్కంక్ అంత కాదు గానీ ఉన్నాయి. కొబ్బరితోటల్లో, తాటిచెట్ల మీద తిరిగే మానుపిల్లిని కుక్క మూలకు తోస్తే తోక కింది గ్రంథుల నుంచి కంపు వదులుతుంది. ముంగిసకూ అలాంటి గ్రంథులున్నాయి. చుంచెలుకను నోట కరుచుకుంటే కుక్క వెంటనే వదిలేసి చొంగ కారుస్తుంది, నోరు మంచినీళ్ళతో కడిగితే చాలు. తిరుమల స్వామివారికి పూసే పునుగు తైలం కూడా ఇలాంటి గ్రంథుల నుంచి పునుగుపిల్లి ఇచ్చేదే. వీటన్నిటికీ ముందు జిడ్డు తీసే సబ్బు, అప్పటికీ పోకపోతే పెరాక్సైడ్ మందు. మానుపిల్లి, ముంగిస, పునుగుపిల్లి జోలికి మాత్రం వెళ్ళకండి, చట్టం కింద రక్షణ ఉన్నవి అవి.

ఫినాయిల్, బ్లీచింగ్, సర్ఫ్, కిరోసిన్?

ఒక్కటీ వద్దు. చెరువులకు వాడతాం కదా అని ఒకాయన బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు పోస్తే కుక్క పొట్ట కిందంతా ఎర్రగా కాలి, పది రోజులు పడుకోలేకపోయింది. దాని మూలుగు నేను విన్నాను. ఫినాయిల్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. కిరోసిన్ నాకితే ఊపిరితిత్తులకు ప్రమాదం. మంచి వాసన కోసం కర్పూరం కలిపిన కొబ్బరినూనె, టీ ట్రీ నూనె రాస్తారు కొందరు. రెండూ కుక్కలకు విషమే.

మామ్మగారు పసుపూ శనగపిండీ చాలంటున్నారు. కుంకుడుకాయ?

శనగపిండి జిడ్డు పీలుస్తుంది. తడి తక్కువగా ఉన్నప్పుడు చల్లి, దువ్వి దులిపేస్తే మొదటి వాయి పని బాగానే చేస్తుంది. పసుపుతో కంపు పోదు, తెల్లకుక్క పచ్చగా అవుతుంది. కుంకుడు రసం మంచి నురగే గానీ కళ్ళలో పడితే ఆ మంటకు కుక్క మళ్ళీ స్నానానికి దగ్గరకు రాదు. నేను మానేశాను.

స్నానం అయ్యాక బాగానే ఉంది. వాన పడగానే మళ్ళీ కంపు. ఎందుకు?

రెండు కారణాలు. స్కంక్ ద్రవంలో కంపు లేకుండా దాక్కున్న పదార్థాలు కొన్ని ఉంటాయి, తడి తగిలితే మెల్లగా కంపుకొట్టేవిగా మారతాయి. అందుకే వారాల తర్వాత కూడా తడిసినప్పుడల్లా వస్తుంది. అలాంటప్పుడు మందు ఇంకోసారి పట్టించాలి.

మన దగ్గర కారణం వేరు. చర్మం మీద ఉండే ఈస్ట్, బాక్టీరియా తయారుచేసిన వాసనలు తడికి గాల్లోకి లేస్తాయి. గోదావరి జిల్లాల్లో జూలై నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమకు కుక్క ఒళ్ళు సరిగా ఆరదు. స్నానం తర్వాత పొడి తువ్వాలుతో ఒత్తి, ఫ్యాను కింద కట్టండి. చెవుల్లోకి నీళ్ళు పోకుండా ముందే దూది పెట్టి, అయ్యాక మరిచిపోకుండా తీసెయ్యండి. పుల్లటి వాసన, గోకుడు, చర్మం జిడ్డుగా నల్లబడటం ఉంటే అది స్నానంతో పోయేది కాదు, పశువుల డాక్టరు గారికి చూపించాలి.

ఎక్కడా దొర్లలేదు, గేటు దాటలేదు. అయినా చేపల కంపు!

తోక కింద చూడండి. మలద్వారానికి రెండు పక్కలా చిన్న సంచులుంటాయి, వాటిలోని ద్రవం అచ్చం కుళ్ళు చేప వాసనే. అవి మూసుకుపోతే కుక్క పిరుదులు నేలకు రాస్తూ జరుగుతుంది, అక్కడే నాక్కుంటుంది. డాక్టరు గారు రెండు నిమిషాల్లో పిండి తీస్తారు. వాచి, నొప్పిగా ఉంటే ఇంట్లో ప్రయత్నించొద్దు.

నోటి కంపయితే పళ్ళ పాచి చూడండి. ముసలి కుక్క నోరు మూత్రం వాసన వస్తూ, నీళ్ళు ఎక్కువ తాగుతుంటే మూత్రపిండాల పరీక్ష చేయించాలి. వానాకాలంలో ఒకే చోట నుంచి కుళ్ళు వాసన వస్తుంటే వెంట్రుకలు విడదీసి చూడండి. పురుగులు పట్టిన పుండు ఉండొచ్చు. అక్కడ ఏ మందూ పోయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దొర్లడమే కాదు, కుళ్ళిన చేప తినేసింది కూడా.

ఒకసారి వాంతి, కాస్త విరేచనం అయి తగ్గిపోతే భయం లేదు. నీళ్ళు అందుబాటులో ఉంచండి. వెనక కాళ్ళు తడబడటం, మెడ నిలపలేకపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. కుళ్ళిన మాంసంలో పుట్టే బొట్యులిజం విషం అలాగే మొదలవుతుంది. గాలం మింగితే బయటికి కనిపించే దారాన్ని లాగకండి.

అసలు ఎందుకు దొర్లుతాయి? మాన్పించలేమా?

తమ వాసన దాచుకోవడానికని కొందరు, ఏం దొరికిందో తోటి కుక్కలకు చెప్పడానికని కొందరు అంటారు. కుక్కలు తోడేళ్ళ వంశమే, తోడేళ్ళూ ఇలాగే చేస్తాయి. కొట్టి మాన్పించేది కాదు. కర్రోడు భుజం జార్చే ముందు ఒక్క క్షణం ముక్కు నేలకు పెట్టి ఆగుతాడు. ఆ క్షణంలో "వదిలెయ్" అని పిలిచి, వస్తే ఎండు రొయ్య ఒకటి చేతిలో పెడతాను. పదిసార్లలో ఆరేడుసార్లు వస్తున్నాడిప్పుడు. పట్టుబడి రోజుల్లో తాడు వేసే తీసుకెళ్తాను.

చెరువులున్న రైతులకు ఒక మనవి. చచ్చిన చేపలను గట్టు మీద, బోదెల్లో పారెయ్యకుండా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. కుక్కలకే కాదు, పక్క చెరువుకు రోగం పాకకుండా మీకూ మంచిది.

కుక్క శుభ్రంగా ఉంది, అయినా అరుగు దగ్గర కంపు వస్తోంది.

మెడ బెల్టు, తాడు, పడుకునే గోనె. మూడూ వెనిగర్ నీళ్ళలో గంట నానబెట్టి, ఉతికి ఎండలో వేయండి. తోలు బెల్టయితే కొత్తది కొనడమే మేలు.

పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది?

మన ముక్కును నమ్మకూడదు, అప్పటికే గంటసేపు ఆ కంపులో ఉండి మొద్దుబారి ఉంటుంది. కుక్క పూర్తిగా ఆరాక బయటి మనిషిని అడగండి. మా ఇంట్లో పొద్దున్నే పాలు పోయడానికి వచ్చే ఆయన కర్రోడి చెవుల వెనక వంగి వాసన చూస్తారు. "బానే ఉందమ్మా" అంటే గొలుసు విప్పుతాను. ఏమీ అనకుండా నా వైపు చూస్తే, మళ్ళీ బకెట్ తీసుకుని బోరు దగ్గరికి వెళ్తాను.